లక్క కింద మాటలు

ఆ పట్టణంలో డబ్బు ఎవరి కంటికీ కనిపించేది కాదు. అదంతా ఖజానా గోడలో ఉండేది. గోడకు నోరు పట్టేంత రంధ్రం ఒకటి ఉంది. ప్రతి సొమ్ముకూ రెండు మాటలు తాళం. ఆ రెంటినీ కలిపి రంధ్రంలో ఎవరు చెబితే సొమ్ము వాళ్లది. చెప్పినవాడు దొరా దొంగా అని గోడ అడగదు. పోయిన సొమ్ముకు ఫిర్యాదు లేదు.

అందుకని అక్కడ కలిగినవాళ్లు ఆచితూచి మాట్లాడేవారు. పలవరించే అలవాటున్న మగవాళ్లు భార్యల పక్కన పడుకునేవారు కాదు.

వాళ్లకు ఇంకో బాధ కూడా ఉండేది. ఎంత ఉన్నా చేతికి తగలదు. చుట్టాలొస్తే చూపించుకోవడానికి ఏమీ లేదు. వాళ్లందరిలోకీ పెద్ద షావుకారు ఒక రోజు నాణేలు పోతపోసే కంసాలి ఇంటికి వచ్చాడు.

"ఆచారీ, నా సొమ్ముకు ఒక నాణెం చెయ్యి. కొత్త తాళం మాటలు నువ్వే పెట్టి, వాటిని నాణెంలో దాచి మూసెయ్యి. నాకు కూడా చెప్పొద్దు. తెలిస్తే ఎక్కడ నోరు జారతానోనని నిద్ర పట్టడం లేదు."

కంసాలి వేళ్లు మడిచి లెక్క కట్టాడు. "రాగి, వెండి పూత, బొగ్గులు, లక్క, అచ్చు చెక్కే కూలి. వీటి ఖర్చు చెప్పగలను దొరా. ఇంకొకటి ఉంది. మాటలు లోపల పెట్టేది నేను. అవి నాకు తెలుస్తాయి. దానికి ఖరీదు కట్టడం నాకు చేతకాదు."

షావుకారు నవ్వాడు. "నువ్వు మంచివాడివని ఊరంతా చెబుతారు. కానివ్వు."

కంసాలి నాణెం మధ్యలో చిన్న గుంట తొలిచాడు. సన్నటి రాగిరేకు మీద రెండు మాటలు గీసి, చుట్టి, గుంటలో పెట్టాడు. లక్కపని అతని భార్యది. ఆమె ఎర్రటి లక్క కరిగించి గుంట నింపి, ఆరకముందే దాని మీద పువ్వు అచ్చు ఒత్తింది. ఆ లక్క ఒకసారి లేస్తే మళ్లీ అతకదు. లక్క లేచిన నాణెం వట్టి రాగి ముక్క.

షావుకారు దాన్ని పట్టుగుడ్డ మీద పెట్టి నలుగురికీ చూపించాడు. చూసినవాళ్లు చేత్తో బరువు చూశారు, పువ్వును వేలితో తడిమారు. నెల తిరక్కుండా ఊళ్లో కలిగినవాళ్లంతా కంసాలి గుమ్మం ముందు నిలబడ్డారు. కొందరు ఒకటితో ఆగలేదు. కొలిమి ఆరకుండా మండింది. ఆలుమగలిద్దరికీ చేతినిండా పని, కడుపునిండా తిండి.

భయం ఎవరి ఇంట్లో మొదలైందో తెలియదు. నాణేన్ని చూస్తూ కూర్చున్న ఒక షావుకారుకు, లోపల ఉన్నది తనకు తెలియదనీ, కంసాలికి తెలుసుననీ ఉన్నట్టుండి తోచింది. ఆ మాట అతను పక్కవాడితో అన్నాడు. ఆ సాయంత్రమే అందరూ కూడి కంసాలి దగ్గరికి వచ్చారు.

"మా మాటలు నీకు గుర్తున్నాయా?" అని పెద్ద షావుకారు అడిగాడు.

"మరిచిపోవాలనే చూస్తాను దొరా. కొన్ని పోతాయి, కొన్ని పోవు."

"ఏవి పోవు?"

"అది చెబితే బయటపెట్టినట్టే కదా."

ఎవరూ నవ్వలేదు. వాళ్లు అరుగు మీదే కూర్చుని ఒక ఏర్పాటు చేశారు. పాత నాణేలన్నీ కరిగించి కొత్త మాటలతో మళ్లీ పోయాలి. ఇకనుంచి మొదటి మాట కంసాలి పెడతాడు. రెండో మాట అతని భార్య పెడుతుంది. ఎవరి రేకు వాళ్లు గీసి, ఎవరి మాట వాళ్లు గోడకు విడిగా చెప్పి రావాలి. సగం సగం తెలిసినవాళ్ల వల్ల ఎవరికీ నష్టం లేదు.

"మరి ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు కదా," అన్నాడు ఒకడు.

పెద్ద షావుకారు కంసాలి వైపు తిరిగాడు. "ఈ పూట నుంచి మీరిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. ఒక మాట దాటినా ఇద్దరి నాలుకలూ కోయిస్తాం. తప్పు పట్టకు ఆచారీ, మా భయం మాది."

ఇంటి మధ్యలో గోడ లేచింది. ముందు భాగంలో కొలిమి, వెనక భాగంలో లక్కపొయ్యి. మధ్య ద్వారంలో ఒక కావలివాడు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఒకరి రేకు ఇంకొకరు విప్పకుండా చూడటం అతని పని.

రహస్యం మాటలంటే అవేమీ మంత్రాలు కావు. ఉప్పు, గడప, కాకి, దుప్పటి, జ్వరం, అల్లం. నోటికి ఏది వస్తే అది పెట్టేవారు. ఒకసారి వాడిన మాట మళ్లీ వాడటానికి లేదు కాబట్టి, నాణెం వెంట నాణెం పోస్తుంటే ఇంట్లో మామూలుగా అనుకునే మాటలన్నీ ఒక్కొక్కటే లక్క కిందికి పోయాయి. కంసాలి పొరుగువాడితో మాట్లాడాలన్నా జంకేవాడు. ఉప్పు చేబదులుగా ఇమ్మని అడగబోయి ఆగిపోయేవాడు. చేత్తో చూపించేవాడు. కొన్నాళ్లకు పొరుగువాళ్లు అతనికి మాట పడిపోయిందనుకున్నారు.

భార్య వెనక గదిలో వండిన అన్నం పళ్లెంలో పెట్టి కావలివాడికి ఇచ్చేది. అతను తెచ్చి ముందు పెట్టేవాడు. తిన్న పళ్లెం వెనక్కి వెళ్లేది. మొదట్లో ఆమె మెతుకులతో పళ్లెం అంచున ఏదో ఆకారం పెట్టేది, పిట్టో, ఆకో. కావలివాడు అది చూసి పెద్ద షావుకారుకు చెప్పాడు. మరునాటి నుంచి అతను అన్నం కలిపేసి ఇచ్చేవాడు.

ఎండాకాలంలో ఆమెకు జ్వరం తగిలింది. మూడో నాడు మధ్యాహ్నం పలవరింతలు మొదలయ్యాయి. కావలివాడు స్టూలు తన్నేసి బజారుకు పరుగెత్తాడు. కాసేపట్లో షావుకార్లంతా ఎవరి నాణెం వాళ్లు పిడికిట్లో పట్టుకుని ఇంటి ముందు మూగారు.

లోపలి నుంచి ఆమె గొంతు సన్నగా వినిపిస్తోంది.

"చారు పొంగుతోంది... చూడు... పిల్లి వచ్చింది... ఆ చీర ఆరలేదింకా..."

ప్రతి మాటకూ వాళ్ల ముఖాలు పాలిపోయాయి. తన మాట చారో, పిల్లో, చీరో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలంటే లక్క పగలగొట్టాలి. ఎవరూ పగలగొట్టలేదు. ఒకరి ముఖం ఒకరు చూస్తూ నిలబడ్డారు. వినకూడదనుకుంటూనే వింటున్నారు.

"నోట్లో గుడ్డ కుక్కు," అన్నాడు పెద్ద షావుకారు. "నీ భార్యే కదా, నువ్వే చెయ్యి."

కంసాలి తడిగుడ్డ ఒకటి తీసుకుని గోడ దాటాడు. ఆ గదిలో అతను అడుగుపెట్టి ఎన్నాళ్లయిందో. ఆమె సగమైపోయింది. జుట్టు నెరిసింది. చేతులకు లక్క మరకలు. అతను పక్కన కూర్చోగానే ఆమె కళ్లు తెరిచింది. గుడ్డ చూసింది. అతన్ని చూసింది. ఆమెకు తెలివి వచ్చినట్టే ఉంది.

"ఏమయ్యా, ఉన్నావా?"

ద్వారం దగ్గర పెద్ద షావుకారు నిలబడి ఉన్నాడు. అతని వెనక మిగతావాళ్లు.  కంసాలికి నాలుక మొద్దుబారినట్టు అనిపించింది. తడిగుడ్డ మడిచి ఆమె నుదుటి మీద వేశాడు.

"ఉన్నానే. ఇక్కడే ఉన్నాను."

రెండు సగాలూ ఒకే గదిలో కలిశాయని బయటివాళ్లకు తోచింది. తర్వాత ఎవడో ఒకడు పళ్లతో లక్క కొరికాడు. ఆ పెటుక్కుమన్న చప్పుడు విని ఇంకొకడు కొరికాడు. అందరూ రేకులు విప్పుకుంటూ ఖజానా వైపు పరుగెత్తారు. వీధంతా ఎర్రటి పెళ్లలు పడ్డాయి. గోడ దగ్గర తోపులాట. రంధ్రం ఒక్కటే. ముందున్నవాడిని లాగి వెనకవాడు, వాడిని లాగి ఇంకొకడు, ఎవరి రేకు వాళ్లు గట్టిగా చదివారు. దూరం నుంచి చదివితే గోడకు వినిపించదు. పక్కవాడికి వినిపిస్తుంది. అలా ఒకడి మాటలు ఇంకొకడు విని, రంధ్రానికి ముందు నోరు పెట్టినవాడు చెప్పేశాడు. పొద్దు వాలేసరికి ఎవరి సొమ్ము ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియలేదు. కంసాలి నాలుక సంగతి అందరూ మరిచిపోయారు.

పెద్ద షావుకారు ఒక్కడే పరుగెత్తలేదు. లక్క పగలగొట్టడానికి మనసు రాలేదు. అతని నాణెం మీద లక్క చెక్కుచెదరలేదు. ఊళ్లో అలాంటిది అదొక్కటే మిగిలింది.

కొన్ని వారాల తర్వాత అతను మిట్టమధ్యాహ్నం కంసాలి ఇంటికి వచ్చాడు. మనిషి ఎండిపోయాడు. నాణెం పిడికిట్లోనే ఉంది. ఇంట్లో మధ్యగోడ లేదు. ఆమె లేచి తిరుగుతోంది.

"దీంట్లో ఏముందో గుర్తుందా ఆచారీ?"

"సగం నేను పెట్టాను. సగం ఆమె."

"ఇప్పుడు మీరు మాట్లాడుకుంటున్నారట."

"మాట్లాడుకుంటున్నాం దొరా."

"మీ మాటల్లో ఈ రెండూ పక్కపక్కన పడ్డాయా? ఎవరైనా విని గోడకు చెప్పారా?"

కంసాలి అతని ముఖంలోకి చూశాడు. ఎగతాళి చెయ్యలేదు. "కాపరమన్నాక అన్ని మాటలూ వస్తాయి దొరా. విన్నవాళ్లు ఉన్నారో లేదో నాకు తెలియదు. లక్క తీసి చూసుకోండి."

"తీస్తే నాణెం పోతుంది."

"పోతుంది."

"తీయకపోతే లోపల సొమ్ముందో లేదో తెలియదు."

"తెలియదు."

షావుకారు గుమ్మంలోనే నిలబడిపోయాడు. చెమటతో చొక్కా వీపుకు అంటుకుపోయింది. పెదాలు పగిలి ఉన్నాయి. కంసాలి భార్య లోపలి నుంచి వచ్చి చూసింది.

"ఎండన పడి వచ్చారు. మజ్జిగ తాగుతారా అయ్యా?"

అతను ఉలిక్కిపడ్డాడు. నోరు తెరిచాడు. గొంతు దాకా వచ్చిన మాటను అక్కడే మింగి, పెదాలు బిగించి, తల అడ్డంగా ఊపాడు. మెట్లు దిగి ఎండలోకి వెళ్లిపోయాడు. దారిలో తెలిసినవాళ్లు ఇద్దరు ముగ్గురు పలకరించారు. అతను ఎవరికీ బదులు పలకలేదు.