పూలు రాలే పేజీ

ఆశ్రమం పేజీని చూసినప్పుడల్లా పినాకపాణికి సిగ్గేసేది.

నల్లమల అంచున, బస్సు దిగాక మట్టిదారిన చాలాసేపు కొండెక్కితే వచ్చే ఆశ్రమం అది. అక్కడి పెద్దాయన సిద్ధప్ప స్వామి. పాము కరిచిందని, మంత్రం వేయమని ఎవరైనా వస్తే ముందు నాలుగు తిట్టి, తర్వాత ఆసుపత్రికి పంపే మనిషి. చుట్టుపక్కల గూడేల్లో పాముకాట్లు ఎక్కువ. విరుగుడు మందు ఏ ఆసుపత్రిలో ఉందో తెలియక, ఒకచోటికి పోయి లేదనిపించుకుని, ఇంకోచోటికి పోతూ దారిలోనే ప్రాణం వదిలినవాళ్లున్నారు.

అందుకే అక్కడ పొద్దున జపం అయ్యాక శిష్యులంతా కూర్చుని ఆసుపత్రులకి ఫోన్లు చేస్తారు. మందు ఉందా, అయిపోయిందా? ఆ సంగతి ఇంటర్నెట్‌లో ఒక పేజీలో పెడతారు. దాని కింద మాబు ఫోన్ నంబరు. అంబులెన్సు ఎక్కలేని దారుల్లోకి కూడా జీపు తీసుకొచ్చే మనిషి మాబు. నంబరు మీద వేలు పెడితే చాలు, అతని ఫోన్ మోగుతుంది.

పేజీ అంటే అంతే. తెల్లటి తెర మీద నల్లటి అక్షరాలు. దేవుడి బొమ్మయినా లేదు.

దాని బాగోగులు స్వామి పినాకపాణికి అప్పగించారు. కుర్రాడు కర్నూల్లో కంప్యూటర్లు చదివి వచ్చినవాడు. పని వచ్చు, తీరిక ఉంది, పైగా గురువుగారంటే ప్రాణం. ఇవన్నీ ఒకచోట చేరితే ఊరికే ఉండనిస్తాయా?

ప్లగిన్లని ఉంటాయి. మన పేజీకి తగిలించుకునే చిన్న చిన్న పనిముట్లు, ఎవరో తయారుచేసి పెట్టినవి. ఒకటి తగిలిస్తే పేజీ తెరవగానే పైనుంచి పూలు రాలతాయి. ఇంకోటి పెడితే మూలన దీపం వెలుగుతూ ఊగుతుంది. ఒకటి స్తోత్రం వినిపిస్తుంది, ఒకటి వచ్చినవాళ్లని పలకరిస్తుంది, మరొకటి పండుగల తేదీలు చూపిస్తుంది. పినాకపాణికి కనిపించిందల్లా ముచ్చటేసింది. ముచ్చటేసిందల్లా తగిలించాడు. గురుపౌర్ణమి పొద్దున, స్వామి పాదాలకి మొక్కి, ఒక్క మీట నొక్కి అదంతా లోకానికి వదిలేశాడు.

పట్నం నుంచి వచ్చిన భక్తులు తమ తమ ఫోన్లలో చూసి మురిసిపోయారు. ఆశ్రమానికి ఇన్నాళ్లకి కళ వచ్చిందన్నారు. స్వామి కూడా ఎవరిదో ఫోన్ తీసుకుని, కళ్లద్దాలు సర్దుకుని, రాలుతున్న పూలని చివరిదాకా చూశారు.

“బయట పెట్టే ముందు నువ్వు ఒకసారి తెరిచి చూసుకున్నావా?” అని అడిగారు.

“లేదు స్వామీ. ఇది మీకు నైవేద్యం. నైవేద్యం మనం ముందు రుచి చూడకూడదు కదా.”

చుట్టూ ఉన్నవాళ్లు ఎంత బాగా చెప్పాడని తలలూపారు. నిజం చెప్పొద్దూ, నేనక్కడ ఉంటే నేనూ ఊపేవాణ్ణే. స్వామి మాత్రం ఫోన్ తిరిగిచ్చేసి పూజగదిలోకి వెళ్లిపోయారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. భక్తులు బస్సుకి బయల్దేరారు, వాళ్లని సాగనంపడానికి మిగతా శిష్యులు వెళ్లారు. పినాకపాణి ఒక్కడే కుళాయి దగ్గర కూర్చుని గిన్నెలు తోముతున్నాడు.

కట్టెల కొట్టం వైపు నుంచి స్వామి వచ్చారు. గోడ పట్టుకుని, ఒక కాలు ఈడ్చుకుంటూ. వచ్చి మెట్టు మీద కూలబడి పంచె పైకి లాగారు. మడమకి కాస్త పైన, పక్కపక్కనే రెండు ఎర్రటి చుక్కలు.

“కరిచింది నాయనా. కట్టెల సందున ఉంది, చూసుకోలేదు. పేజీ తెరిచి మాబుకి ఫోన్ చెయ్యి.”

పినాకపాణి చేతిలోని గిన్నె జారిపోయింది. మాబు నంబరు అతనికి నోటికి రాదు. పేజీలో ఉంది కదా అని ఫోన్‌లోనూ దాచుకోలేదు. బూడిద చేతులు పంచెకి తుడుచుకుని పేజీ తెరిచాడు.

కొండ మీద సిగ్నల్ అంతంతమాత్రం. తెర మీద చక్రం తిరగడం మొదలుపెట్టింది. తిరుగుతూనే ఉంది. స్వామి కాలు చాపుకుని అతని మొహం వైపే చూస్తున్నారు.

చివరికి పూలు వచ్చాయి. ఒక్కొక్కటే, తొందర లేకుండా, మాబు నంబరు ఉండే చోటికి రాలాయి. నొక్కితే నంబరు మోగలేదు, పువ్వు ఇంకాస్త పెద్దదయింది. స్తోత్రం గట్టిగా అందుకుంది. దాన్ని ఆపబోతుంటే పలకరించే పెట్టె ఒకటి ఎగిరొచ్చి తెరంతా కప్పేసింది. నమస్కారం, మీకు ఏ విధంగా సాయపడగలం అని అడిగింది. దాన్ని మూసే గుర్తు ఆవగింజంత ఉంది. తడి వేలు దాని మీద నిలవలేదు. పక్కన పడింది. పండుగల తేదీలు తెరుచుకున్నాయి.

వెనక్కి వచ్చాడు. మళ్లీ చక్రం. మళ్లీ పూలు. స్తోత్రం గురువుగారిని పొగుడుతూనే ఉంది, ఎంతో ఇష్టపడి అతనే ఎంచి పెట్టిన స్తోత్రం. ఇంతలో ఏ రెండు పనిముట్లకి పడలేదో ఏమో, పేజీ మొత్తం తెల్లబడిపోయింది. ఎంత నొక్కినా ఉలుకూ లేదు, పలుకూ లేదు.

పినాకపాణి ఏడ్చేశాడు. ఫోన్ అక్కడే పడేసి, మిమ్మల్ని రోడ్డు దాకా మోసుకెళ్తాను లేవండి అంటూ స్వామి చంకల కింద చేతులు వేశాడు.

స్వామి బొటనవేలు నాలికకి తడి చేసుకుని మడమ పైన రుద్దారు. చుక్కలు పోయాయి. కుంకుమ.

పినాకపాణి ఆయన్ని వదిలేశాడు. అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. సంతోషపడాలో, మండిపడాలో కాసేపు తెలియలేదు. తర్వాత నిజంగానే మండింది.

“ఇదేం పని స్వామీ? నా ప్రాణం పోయింది.”

“నువ్వు రుచి చూడలేదన్నావు. నేను చూశాను.” స్వామి పంచె సర్దుకున్నారు. “దేవుడికి పెట్టేది ఎలా ఉన్నా ఆయనకేం కాదు. ఇది దేవుడికి పెట్టావా?”

అప్పుడు తట్టింది అతనికి. పేజీ పొద్దుటి నుంచీ అలాగే ఉంది. కొండ కింద ఊళ్లన్నిటికీ అలాగే ఉంది. ఇందాకటి భయం దీని ముందు ఏ మూలకీ రాలేదు.

తిరిగొచ్చిన శిష్యుల్లో ఒకరిని అడిగి మాబు నంబరు తీసుకుని ఫోన్ చేశాడు. ఇవాళ ఎవరైనా పిలిచారా అని అడిగాడు.

“ఒక్కరూ పిలవలేదు బాబూ. పండగపూట హాయిగా పడుకున్నా” అన్నాడు మాబు.

ఎవరినీ కరవలేదు కాబట్టి పిలవలేదా? పిలవబోయి, పూలు రాలుతుంటే చూస్తూ ఉండిపోయారా? పాత పేజీని యథాతథంగా తిరిగి పెట్టేసి, చెప్పులు కూడా వేసుకోకుండా కొండ దిగాడు. గూడెం గూడెం తిరిగాడు. మీ ఇంట్లో అందరూ బాగున్నారా అని గుమ్మం గుమ్మం అడిగాడు. పండగ పలకరింపు అనుకుని జనం నవ్వుతూ బాగున్నామన్నారు, కొందరు మజ్జిగ ఇచ్చారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆఖరి గూడెంలో ఆ మాట విన్నాక ఒక అరుగు మీద కూర్చుని, చూసేవాళ్లు ఏమనుకుంటారో అని కూడా లేకుండా వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆశ్రమానికి వచ్చాక తను పోగేసిన ప్లగిన్లన్నీ ముందేసుకున్నాడు. ఇది లేకపోతే కరిచినవాడికి ఏం నష్టం అని ఒక్కోదాన్నీ తనే అడిగాడు. పూలు పోయాయి, దీపం పోయింది. స్తోత్రం దగ్గర మనసు కాస్త పీకింది, అయినా తీసేశాడు. సిగ్నల్ పోయినా పేజీ తెరుచుకునేలా చేసేది ఒకటుంది. దాన్ని మాత్రం ఉంచుకున్నాడు, అదీ ముందు ఎన్నోసార్లు తెరిచి చూసుకున్నాకే బయట పెట్టాడు. స్వామి ఇవేవీ అడగలేదు.

వానాకాలం వెళ్లాక అతనికి ఇంకో ఆలోచన వచ్చింది. మనిషి ఉన్న చోటుకి దగ్గర్లో మందున్న ఆసుపత్రి ఏదో అదే ముందు కనిపిస్తే బాగుంటుంది కదా! ఈసారి దాన్ని నేరుగా పేజీలో పెట్టలేదు. తనకి తప్ప ఎవరికీ కనబడకుండా పేజీకి నకలు ఒకటి చేసుకుని దానికి తగిలించాడు. గీతలు పడ్డ పాత ఫోన్ అడిగి తీసుకుని కొండ దిగాడు. ఎండలో పరిగెత్తి, ఆయాసం తగ్గకముందే నొక్కి చూశాడు. చేతులు బురద చేసుకుని నొక్కి చూశాడు. పనిచేయనప్పుడల్లా వెనక్కి వచ్చి సరిచేసి, మళ్లీ దిగాడు.

అంతా కుదిరిందనిపించాక స్వామి దగ్గరికి వెళ్లాడు. ఆయన చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతున్నారు. పినాకపాణి తను ఏమేం చేసి చూశాడో వరసగా చెప్పాడు. పేజీలో పెట్టమంటారా అని అడిగాడు.

స్వామి చేట మీద నుంచి తలెత్తారు.

“నొక్కేటప్పుడు ఎవరిని కరిచిందనుకున్నావు?”

పినాకపాణి ఆయన ఎదురుగా కూర్చున్నాడు.

“మా అమ్మని.”

స్వామి మళ్లీ బియ్యంలోకి వంగారు.

“అయితే పెట్టు.”