చిలుక మింగిన మాట

“మీరు చెప్పింది చెప్పినట్టు ఏడూళ్లకూ చెబుతాం. అందులో ఒక్క మాట తగ్గినా, ఒక్క మాట పెరిగినా, ఆ రోజే మా అంగడి మూసేస్తాం.”

అనగనగా ఒక నది. ఆ నది పొడుగునా ఏడు ఊళ్లు. ఏడూళ్ల జనాన్నీ రేవు దగ్గర పోగుచేసి, హేమదత్తుడనే వర్తకుడు ఎత్తైన అరుగెక్కి అన్న మాట ఇది. పిల్లలూ, ఈ మాట గుర్తుపెట్టుకోండి. అన్నవాడు మరిచిపోయాడు. విన్నవాళ్లమైనా గుర్తుపెట్టుకోవాలి.

హేమదత్తుడిది మామూలు అంగడి కాదు, అద్దాల అంగడి. ప్రతి ఇంటికీ ఒక నిలువుటద్దం ఇచ్చాడు. ప్రతి అద్దం మీదా ఒక చిలుకను కూర్చోబెట్టాడు. ఇంట్లో అక్కరలేని సామాను ఏదైనా అద్దం ముందు పెట్టి దాని సంగతి చిలుకకు చెబితే చాలు. ఆ సామాను ఏడూళ్ల అద్దాల్లోనూ కనిపించేది. దాని సంగతి ఏడూళ్ల చిలుకలూ పలికేవి. చెప్పినవాళ్ల ఇంట్లో చిలుక మాత్రం పలికేది కాదు, తల ఊపి ఊరుకునేది. నచ్చినవాళ్లు నచ్చిందనగానే హేమదత్తుడి పడవ వచ్చి సామాను తీసుకుపోయేది, వెల ఇచ్చిపోయేది. పదింట ఒక వంతు హేమదత్తుడిది.

“అద్దాలు ఊరికే ఇచ్చాడు, ఎంత ధర్మాత్ముడో!” అన్నారు జనం. ఊరికే వచ్చినదాన్ని ఎవరూ తిప్పి చూడరు.

ఆ ఏడూళ్లలో నాలుగో ఊరు ముత్యాలరేవు. అక్కడ మంగతాయి అనే ఇల్లాలు ఉండేది. ఆమె, ఆమె అత్త నరసవ్వ, ఇద్దరే ఆ ఇంట్లో. ఒకప్పుడు పాతికమంది తిన్న ఇల్లు అది. మరుదులు వేరుపడి ఎవరి పొయ్యి వాళ్లు పెట్టుకున్నారు. భర్త జ్వరంతో పోయాడు. మిగిలింది ఇద్దరు మనుషులు, పాతికమందికి సరిపడా సామాను.

ఇంకొకటి కూడా మిగిలింది. పోయిన ఏటి గాలివానకు ఎగిరిపోగా మిగిలిన సగం కప్పు. కొత్త తాటాకు కొనాలి. వానలు మొదలయ్యేలోగా కప్పించాలి. చైత్రం అప్పుడే సగం గడిచిపోయింది.

“ఆ మూల తిరగలి ఎవరికోసం దాచావే? నా పెళ్లికా?” అంది నరసవ్వ.

“నీ పెళ్లికైతే మంచి తిరగలే కొంటాను అత్తా. ఇది పగిలింది,” అంది మంగతాయి.

తిరగలిని దొర్లించుకుంటూ తెచ్చి అద్దం ముందు పెట్టింది. చిలుకతో ఇలా చెప్పింది: “ఇది మా ఇంటి తిరగలి. నల్లరాయి. కింది రాయికి అడుగున చీలిక ఉంది. పిండిలో ఇసుక రాలుతుంది. మనుషుల పిండికి పనికిరాదు. అందుకే తక్కువకు ఇస్తున్నాను.”

చిలుక తల ఊపింది. మూడో నాడే తిరగలి అమ్ముడుపోయింది.

వారం తిరిగేసరికి పై ఊరి గౌరమ్మ అనే రైతు ఇల్లాలు, బండిలో తిరగలిని వేసుకుని వచ్చి గుమ్మం ముందు దిగింది.

“నీ తిరగలి పిండి రొట్టె నువ్వే తిని చూడు తల్లీ,” అని ఒక రొట్టెముక్క చేతిలో పెట్టింది. మంగతాయి కొరికింది. పంటికింద కరకరమంది.

“చీలిక ఉందని చెప్పానే!”

“ఎవరికి చెప్పావు, గోడకా?”

మంగతాయి సొమ్ము తిరిగి ఇచ్చేసింది. గౌరమ్మ తిరగలిని అక్కడే వదిలి వెళ్లిపోయింది.

“నీ గొంతు వీధిగుమ్మం దాటదు కదా, ఏడూళ్లు ఎలా దాటుతుంది?” అని నరసవ్వ సణిగింది.

నిజమే కాబోలు అనుకుంది మంగతాయి. లోకం తప్పు చేసినప్పుడు కూడా మొదట తన గొంతునే తప్పుపట్టుకోవడం పేదవాళ్లకు అలవాటు.

రెండోసారి ఉయ్యాల బల్ల పెట్టింది. ఈసారి గొంతు చించుకుని చెప్పింది. “ఒక మూల గొలుసు కన్నం అరిగిపోయింది. ఇనుప పట్టీ వేయించకుండా ఎవరూ కూర్చోకండి.” ఒకసారి కాదు, మూడుసార్లు చెప్పింది. చిలుక మూడుసార్లూ తల ఊపింది. బల్ల అమ్ముడుపోయింది.

మూడోది గుండిగ. అత్త పెళ్లినాటి ఇత్తడి గుండిగ. చింతపండు పెట్టి తోమితే బయట బంగారంలా మెరిసింది. లోపల మాత్రం కళాయి పోయి ఇత్తడి తేలింది.

“కళాయి పోయింది చిలుకమ్మా,” అంది మంగతాయి. “మళ్లీ వేయించేదాకా ఇందులో పులుపు వండకూడదు. వండితే కిలుమెక్కి విషమవుతుంది. ఇది తప్పకుండా చెప్పు. నీకు పుణ్యముంటుంది.”

చిలుక ఈసారి తల ఊపడానికి కొంచెం ఆలస్యం చేసింది. ఊపింది.

గుండిగకు మంచి వెల వచ్చింది. కొన్నది ఆరో ఊరి సత్రం. సొమ్ము కొంగున కట్టుకుని మంగతాయి కప్పు వైపు చూసింది. మొదటిసారి ఆ చిల్లుల్లోంచి కనబడే ఆకాశం ఆమెకు అందంగా కనిపించింది.

పడవ అలా మలుపు తిరిగిందో లేదో, ఒక ముసలాయన కర్ర పోటేసుకుంటూ వచ్చాడు. రెండో ఊరి రంగనాయకులు. ఉయ్యాల బల్ల కొన్నది ఆయనే.

“ఎక్కి కూర్చున్నాను, నేల మీదున్నాను,” అన్నాడు. “నడుం విరిగితే విరిగింది, మనవరాలు కూర్చోకముందు నేను కూర్చున్నాను. అదే అదృష్టం. ఇదేనా అమ్మా నీ వ్యాపారం?”

“తాతగారూ, కన్నం అరిగిందని మూడుసార్లు చెప్పాను.”

“నేను చెవులారా విన్నాను. ‘టేకు బల్ల, రాజులకు తగిన ఉయ్యాల, వెంటనే ఎక్కి ఊగండి’ అంది మా చిలుక. కన్నం మాటే లేదు.”

మంగతాయి పక్కింటికి పరుగెత్తింది.

“అచ్చమ్మొదినా, పొద్దున మీ చిలుక నా గుండిగ గురించి ఏమంది?”

అచ్చమ్మ చేటలో బియ్యం ఏరుతూ తలెత్తకుండానే చెప్పింది. “తళతళలాడే గుండిగ, పులుసులకు ప్రశస్తం అంది. నేనే కొందామనుకున్నాను. ఏం, ఇంకొకటుందా?”

మంగతాయి ఇంటికొచ్చి కొంగుముడి బిగించింది. “అత్తా, సత్రానికి వెళుతున్నాను. సొమ్ము ఇచ్చేసి గుండిగ ఆపిస్తాను.”

“నీకేమైనా మతిపోయిందా?” అంది నరసవ్వ. “చెప్పడం నీ వంతు, చెప్పావు. మింగింది చిలుక. పాపం దానిదే. ఈ డబ్బు పోతే వానాకాలమంతా చాప నెత్తిన పెట్టుకుని కూర్చోవాలి, తెలుసా?”

“వాన మన నెత్తిన పడితే తడుస్తాం, ఆరతాం. ఆ పులుసు వాళ్ల కడుపులో పడితే?”

నరసవ్వ లేచి, చూరులో దోపిన తాటాకు గొడుగు తీసి కోడలి చేతిలో పెట్టింది. “ఎండలో బోడితలతో పోకు. పోయేదేదో తొందరగా పో.”

నడిమధ్యాహ్నం గట్టు వెంట మూడు కోసులు నడిచింది మంగతాయి. సగం నడిచింది, సగం పరుగెత్తింది. సత్రం చేరేసరికి గుండిగ పొయ్యి మీదుంది. కింద మంట రాజుకుంటోంది. పక్కన గంగాళం నిండా పిసికిన చింతపండు రసం. వంటపెద్ద సోమప్ప గంగాళం చెవులు పట్టుకుని ఎత్తబోతున్నాడు.

“పొయ్యకు అన్నా, ఆగు,” అంది మంగతాయి రొప్పుతూ.

“ఎవరమ్మా నువ్వు?”

“గుండిగ నాదే. కళాయి లేదు అందులో. ఇదిగో నీ సొమ్ము.”

సోమప్ప అనుమానంగా చూశాడు. “ఇంకెవరైనా ఎక్కువిస్తామన్నారా? ఆ ఆటలు నా దగ్గర ఆడకు. నూటయాభై మంది యాత్రికులు విస్తళ్ల ముందు కూర్చున్నారు.”

“బొటనవేలితో అడుగున రుద్ది చూడు. తరువాత నీ ఇష్టం.”

సోమప్ప మంట వెనక్కి లాగించి, గుండిగ వంచి, రుద్ది చూశాడు. తెల్లగా ఉండాల్సిన చోట పచ్చగా మెరిసింది. గబగబా వెళ్లి మట్టికుండలు దింపించాడు. యాత్రికులకు ఆ పూట పులుసు ఆలస్యమైంది. ఎందుకు ఆలస్యమైందో వాళ్లకు చెప్పినప్పుడు, ఒక్కరూ విసుక్కోలేదు.

మరునాడు మంగతాయి రాజు సుకేతుడి కొలువుకు వెళ్లింది. ఒంటరిగా కాదు. గౌరమ్మ వచ్చింది, రంగనాయకులు వచ్చాడు, సోమప్ప వచ్చాడు. మంగతాయి ఇంటి అద్దాన్ని, చిలుకతో సహా, నలుగురూ మోసుకొచ్చారు.

సుకేతుడు చెడ్డవాడు కాడు. కాని కోటకు కొత్త తలుపులు చేయించిపెట్టింది హేమదత్తుడు. ఆ తలుపుల్లోంచి లోపలికి వచ్చే ప్రతి ఫిర్యాదూ కొంచెం వంగి రావలసి వచ్చేది.

“అమ్మేవాళ్లు సరిగా చెప్పరు, కొనేవాళ్లు సరిగా వినరు,” అన్నాడు హేమదత్తుడు చిరునవ్వుతో. “మధ్యలో నా చిలుకలేం చేస్తాయి ప్రభూ?”

“ఏం చేస్తాయో మీరే వినండి ప్రభూ,” అంది మంగతాయి. “కొలువులో ఆ చివర మీ అద్దముంది, మీ చిలుక ఉంది. ఈ చివర నా అద్దముంది. నాకు అక్కరలేని సామాను ఇంకొక్కటి మిగిలింది. అమ్ముకోనివ్వండి.”

“ఏమిటది?”

“ఈ అద్దమే.”

కొలువులో నవ్వులు లేచాయి. రాజు కూడా నవ్వి, సరేనన్నాడు.

మంగతాయి తన చిలుకకు ఎదురుగా నిలబడి, కొలువంతా వినేలా చెప్పింది. “ఇది అద్దం. అమ్మకానికి పెడుతున్నాను. దీని లోపం ఒకటే. చెప్పింది చెప్పినట్టు చెప్పదు.”

ఆమె చిలుక తల ఊపింది. ఆ చివర రాజుగారి చిలుక గొంతు సవరించుకుని పలికింది: “అద్దం అమ్మకానికి. ఏ లోపమూ లేనిది. చెప్పింది చెప్పినట్టు చెబుతుంది. త్వరపడండి.”

ఇప్పుడు ఎవరూ నవ్వలేదు.

సుకేతుడు తన చిలుక దగ్గరికి స్వయంగా నడిచి వెళ్లాడు. “ఎందుకిలా చేశావు?” అని అడిగాడు.

“ఏలినవారూ,” అంది చిలుక తల దించుకుని, “పొగిడిన రోజు హేమదత్తుడి మనుషులు జామపండు పెడతారు. లోపం చెప్పిన రోజు పస్తు. మొదట్లో మేమూ ఉన్నదున్నట్టే పలికాం. ఆకలి మాకూ ఉంటుంది కదా.”

మంగతాయికి ఆ చిలుకను చూస్తే కోపం రాలేదు. గింజ కోసం పలికేదాన్ని ఏమంటాం? అనవలసింది గింజ పెట్టి గొంతు కొన్నవాణ్ణి.

హేమదత్తుడి చిరునవ్వు మాయమైంది. “సొంపుగా చెప్పడం అబద్ధమా ప్రభూ? లోపాలు చాటితే బేరాలు తెగవు. అంగడి మూతపడితే నష్టపోయేది పేదవాళ్లే.”

“ఇన్నాళ్లూ మా మాట మింగినప్పుడు మేం గుర్తురాలేదు,” అంది మంగతాయి. “మూసే మాట రాగానే మమ్మల్ని ముందుకు నెడుతున్నాడు. బేరం ఆయనది, ముప్పు మాది, తిట్లు మాకు. రేవులో ఆయనన్న మాట ఏడూళ్లూ విన్నాయి ప్రభూ. ఒక్క మాట తగ్గినా, పెరిగినా మూసేస్తానన్నాడు. ఇవాళ మీ ఎదుటే తగ్గింది, మీ ఎదుటే పెరిగింది. జవాబు కావాలి.”

“ఆలోచించుకోవాలి. తీరిక చూసుకుని చెబుతాను,” అన్నాడు హేమదత్తుడు. రాజు ఆ కొత్త తలుపుల వైపు చూసి, తీర్పు చెప్పకుండానే కొలువు చాలించాడు.

ఆ సాయంత్రం ఏడూళ్లలోనూ ఒక వింత జరిగింది. ఎవరు ముందు మొదలుపెట్టారో తెలియదు. ఇంటింటా జనం తమ అద్దాన్నే అమ్మకానికి పెట్టారు. ఏ అద్దంలో చూసినా అద్దమే. ఆ అద్దంలో ఇంకో అద్దం. గిన్నె లేదు, బల్ల లేదు, చెప్పడానికి చిలుకలకు వేరే మాట లేదు. అమ్మేవాళ్లే అందరూ, కొనేవాడు లేడు.

సామాన్లు మాత్రం రేవులోకి వచ్చాయి. ఎవరి సామాను వాళ్లే తెచ్చుకుని, ఎవరి లోపం వాళ్లే నోరారా చెప్పుకున్నారు. గౌరమ్మ బండి మళ్లీ వచ్చింది.

“ఇసుక రాలుతుందని ముందే తెలిస్తే ఎద్దులకు ఉలవలు విసురుకోవడానికి కొనేదాన్ని. ఇప్పుడూ కొంటాను,” అంది. రంగనాయకులు బల్లకు ఇనుప పట్టీ వేయించుకున్నాడు. సోమప్ప గుండిగకు కళాయి వేయించి తనే ఉంచుకుని, ఆ ఖర్చు మినహాయించి మిగతా వెల మంగతాయి చేతిలో పెట్టాడు. మళ్లీ అదే చేత్తో ఒక గిన్నెడు పులుసు కూడా పెట్టాడు.

వైశాఖం వెళ్లేలోగా మంగతాయి ఇంటికి కొత్త తాటాకు పడింది. నరసవ్వ మంచం మీద పడుకుని పైకి చూసి, “ఇల్లు మరీ చీకటైపోయిందే,” అని సణిగింది. ఆమె సంతోషం అలాగే ఉంటుంది.

పడవలు లేవు, చిలుకలు పలకవు, అయినా హేమదత్తుడి అంగడి తలుపులు తెరిచే ఉన్నాయి. అన్న మాట ఇంకా గాలిలోనే ఉంది. అందుకే మంగతాయి ఒక బొగ్గుముక్కతో ఆ తలుపుల మీద నాలుగు మాటలు రాసింది. కింద గౌరమ్మ వేలిముద్ర వేసింది, రంగనాయకులు వేశాడు, సోమప్ప వేశాడు, అచ్చమ్మ వేసింది. తలుపు నిండేదాకా ఏడూళ్లూ వేశాయి. ఆ మాటలివి:

లోపం చెప్పి అమ్మినవారి సరుకు ఆలస్యంగానైనా అమ్ముడవుతుంది, మాట మింగి అమ్మినవాడు ఏనాటికైనా జవాబు చెప్పక తప్పదు: హేమదత్తా, నీ జవాబుకు ఏడూళ్లు పెట్టిన గడువు ఈ జ్యేష్ఠ మాసం ఏరువాక పున్నమి, పొద్దు గుంకేలోగా.