జానెడు నీళ్లు

నల్లగుట్ట ఆశ్రమంలో శాంతబోధులవారికి ఒక అలవాటు ఉండేది. గదిలోంచి బయటికి వస్తూ దీపం ఆర్పి, ఆ స్విచ్చిని వేలికొసతో ఒకసారి తాకి, ఆ వేలిని కళ్లకద్దుకునేవారు. పుస్తకానికి కాలు తగిలితే మనం కళ్లకద్దుకుంటామే, అలాగన్నమాట. కొత్తగా వచ్చిన భక్తులు స్వామివారు ఏదో పరధ్యానంలో ఉన్నారనుకునేవారు. పాతవాళ్లు అడిగి అడిగి మానేశారు. అడిగితే ఆయన నవ్వేవారు, అంతే. ఆ నవ్వు వెనక ఒక సంగతి ఉంది. కొంచెం దగ్గరికి జరగండమ్మా, వెనక కూర్చున్నవాళ్లకీ వినబడాలి.

స్వామివారి శిష్యుల్లో మద్దిలేటి అని ఒకడు. హైస్కూల్లో సైన్సు మాస్టారు. మనిషి మంచివాడు, పట్టుదల ఎక్కువ. భూమి వేడెక్కిపోతోందని, దండగ పోయే కరెంటు వెనక ఎంత నీరు, ఎంత బొగ్గు, ఎంత అడవి పోతోందో అని పిల్లలకు చెప్పి చెప్పి, చివరికి తానే ఇల్లిల్లూ తిరిగి స్విచ్చిబోర్డుల పక్కన 'వెళ్తున్నారా? ఆర్పి వెళ్లండి' అని కాగితాలు అంటించడం మొదలుపెట్టాడు. మూడు నెలలు తిరిగాడు. ఒకనాడు బట్టల కొట్టు యజమాని గద్దె మీద నుంచి కదలకుండా అడిగాడు. "సారూ, ఊరు ఊరంతా ధగధగా వెలిగిపోతుంటే నేనొక్కణ్ణి చీకట్లో కూచుంటే నీ భూమి చల్లబడుతుందా?" కొట్లో వాళ్లందరూ నవ్వారు. మద్దిలేటి కూడా నవ్వాడు. ఆ నవ్వు ఇంటిదాకా రాలేదు. ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేసి చూశాడు. దేశమంతటిలో ఒక ఇల్లు, ఆ ఇంట్లో ఒక బల్బు. దశాంశం చుక్క పెట్టి ఎన్ని సున్నాలు రాసినా అంకె మాత్రం రాలేదు.

మర్నాడు పొద్దున్నే ఆశ్రమానికి వచ్చాడు. వేసవి కదా, స్వామివారు అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నారు.

"స్వామీ, ఒక ఇంట్లో ఒక బల్బు ఆర్పితే ఏమవుతుంది? నిజం చెప్పండి. ఏమీ కాదంటే ఈ కాగితాలు ఇవాళ్టితో మానేస్తాను."

స్వామివారు తీసిన చింతపండును ముద్దచేసి, మోదుగాకులో చుట్టి, దారం కట్టి, అతని చేతిలో పెట్టారు. "ప్రాజెక్టు కాలనీలో ఉశేనమ్మకు ఇచ్చిరా. ఇచ్చి ఊరికే వచ్చేయకు. పొద్దు గూకేదాకా ఆమె దగ్గర కూర్చో."

ప్రశ్న అడిగితే చింతపండు చేతికి వచ్చింది. గురువులతో ఇదే చిక్కు, ఏం చేస్తాం.

ప్రాజెక్టు కాలనీ అంటే మరేం కాదు. నది మీద ఆనకట్ట కట్టినప్పుడు పాలమడుగు అనే ఊరు నీళ్లలో కలిసిపోయింది. ఆ ఊరివాళ్లకు మిట్ట మీద వరసగా కట్టించి ఇచ్చిన ఇళ్లు ఇవి. ఉశేనమ్మకు ఎనభై దాటాయి. కాలనీలో అందరికీ ఆమె అవ్వే. మద్దిలేటి వెళ్లేసరికి మిట్టమధ్యాహ్నం. ఎండ ఫెళఫెళ కాస్తోంది. ఆ ఎండలో ఆమె ఇంటి వసారాలో బల్బు వెలుగుతోంది. లోపల ట్యూబులైటు వెలుగుతోంది. వంటింట్లో ఒకటి, స్నానాలగదిలో ఒకటి. మనిషి లేని మంచం మీద ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. చింతపండు పొట్లం ఇంకా చేతిలో ఉండగానే, అలవాటు కొద్దీ వసారా బల్బు టక్కున ఆర్పేశాడు.

లోపల్నించి అవ్వ గబగబా వచ్చింది. మునివేళ్ల మీద నిలబడి మళ్లీ వేసింది. వేసి, ఆ స్విచ్చిని తాకిన వేలిని కళ్లకద్దుకుంది. మద్దిలేటికి ఇది ఎక్కడో చూసినట్టే అనిపించింది.

"ఆర్పొద్దు నాయనా. ఆర్పితే నీళ్లు నిలబడిపోతాయి."

"ఏ నీళ్లవ్వా?"

"ఏ నీళ్లేంది, మా ఊరి మీదుండే నీళ్లు." కూర్చోమని పీట వేసి, పొట్లం విప్పి చింతపండు వాసన చూసి, "స్వామి పంపినాడా? ఆయప్ప గూడా ఒకనాడు ఇట్లనే వచ్చి ఈ పీట మీదే కూచున్నాడు" అంది. తర్వాత, పప్పు ఎలా వండాలో చెప్పినంత నెమ్మదిగా చెప్పింది. "ఊరు ఖాళీ చేయించిన నాడు ఒక ఆఫీసరు కుర్చీ వేసుకోని చెప్పినాడు. అమ్మా, ఈ నీళ్లే కరెంటు అవుతాయి, నీళ్లు కిందికి దుంకితేనే బల్బు వెలుగుతాది, అని. అంటే ఏందన్నట్టు? బల్బు వెలిగితే నీళ్లు పోతాండాయనే కదా. నీళ్లు పోతే నా గడప బయట పడతాది."

మద్దిలేటికి నవ్వు రాబోయి ఆగింది. సైన్సు మాస్టారుగా ఎంత వెతికినా ఆమె చెప్పినదాంట్లో తప్పు దొరకలేదు. తేడా వచ్చిందల్లా సున్నాల దగ్గరే.

"గడపతో ఏం పనవ్వా?"

ఏం పనో వినండి. పద్నాలుగేళ్ల పిల్లగా ఆమె ఆ గడప దాటి కాపురానికి వచ్చింది. నల్లరాతి గడప, నడుమ తామరపువ్వు చెక్కి ఉంటుంది. అత్త ఆమె చేతికి పసుపుగిన్నె ఇచ్చి, నీకు ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లు శుక్రవారం గడపకు పసుపు తప్పొద్దు, అని చెప్పింది. తప్పలేదు. పురిట్లో ఉంటే తోడికోడలు పూసింది, మొగుడు పోయిన వారం కూడా ఎవరో ఒకరు పూశారు. ఊరు ఖాళీ చేయించే లారీ మాత్రం గురువారం వచ్చింది. "ఒక్క పూట ఆగండయ్యా, తెల్లారితే శుక్రవారం, పసుపు పూసి ఎక్కుతా అన్నా. ఇంకా పదూర్లు ఉండాయమ్మా అన్నారు. ఎక్కించినారు. అప్పుడు మేం చెంబులు, బోకులు సర్దుకున్నాం, మేకలు తోలుకున్నాం, గడపకి మాత్రం చెప్పకుండా వచ్చినాం." ఈ కాలనీ ఇంటి సిమెంటు గడపకు ఆమె ఇన్నేళ్లలో ఒక్కసారీ పసుపు పూయలేదు. గూట్లో గిన్నెలో నూరిన పసుపు మాత్రం ప్రతి గురువారం సిద్ధంగా ఉంటుంది.

గోడకు ఆనించిన ఒక వెదురు కర్ర తెచ్చి చూపించింది. కర్ర పొడుగునా పసుపు దారాలు కట్టి ఉన్నాయి. పక్కింటి మారెన్న పుట్టి పడవ వేసుకుని చేపలకు వెళ్తాడు. వేసవి ముదిరితే పాలమడుగు బావి రాతిస్తంభాలు రెండు నీళ్ల పైకి తేలుతాయి. వాటికి ఎదురిల్లే అవ్వది. మారెన్న రోజూ అక్కడ పుట్టి ఆపి, కర్రను గడప మీద ఆనించి, తడిసినంత మేర దారం కట్టి తెచ్చిస్తాడు. కిందటి నెల దారం అవ్వ భుజం దగ్గరుంది. ఆ తర్వాత నడుము దగ్గరికి దిగింది. ఇవాళ్టి దారం కర్ర అడుగు నుంచి జానెడే.

"ఇంత," అంటూ అవ్వ బొటనవేలూ చిటికెనవేలూ చాపి కర్రకు ఆనించింది. "ఇంతే నాయనా. పోయినేడు మూరెడు దగ్గర వాన వచ్చి పడె. ఈ తూరి పోతాది. అయితే రేపు, లేకుంటే వచ్చే శుక్రవారం. మారెన్న పుట్టిలో కూచోబెట్టుకోని తీసకపోతానన్నాడు."

అలా చెబుతున్నప్పుడు ఆ ముసలి కళ్లలో ఉన్న కాంతి చూస్తే దేవుడికైనా అడ్డు చెప్పాలనిపించదు. కానీ మద్దిలేటి మాస్టారు కదా. అబద్ధాన్ని అలా వదిలేయడం చేతకాలేదు.

"అవ్వా, బాధపడకు. నీ ఇంట్లో నాలుగు బల్బులకి ఆ నీళ్లు వెంట్రుకవాసి కూడా తగ్గవు."

"నాలుగు బల్బులకి ఏమీ కాదా?"

"కాదవ్వా."

ఆమె కర్రను ఒడిలో పెట్టుకుంది. "మరి మా ఊరు ఎందుకు ముంచినారు నాయనా? ఇంటింటికీ ఇట్లాంటి నాలుగు బల్బులకే కదా?"

అయ్యలారా, మూడు నెలలు ఊరంతా కాగితాలు అంటించిన మద్దిలేటిని ఆమె అడిగిన మాట ఇది. మీలో ఎవరి దగ్గరైనా జవాబు ఉంటే చెప్పండి, ఆగుతాను.

ఇంతలో మారెన్న పెళ్లాం సుంకులమ్మ వచ్చింది. నెలలు నిండిన మనిషి. మోకాళ్ల దాకా బురద, చంకన ఒక్క బిందె. బిందె దింపి, వసారా స్తంభానికి ఆనుకుని చతికిలబడింది. నీళ్లు వెనక్కి వెళ్లిపోవడంతో కాలనీ మోటారు పైపుకు అందడం లేదు. రెండు వారాలుగా ఆడవాళ్లు మైలు దూరం ఒండ్రుబురదలో నడిచి నీళ్లు ముంచుకొస్తున్నారు.

"రెండో బిందె ఏదే?" అంది అవ్వ.

"బురదకి కట్నం ఇచ్చొచ్చినా."

"పడితివా?"

"పడలేదులే, కూచున్నా." నవ్వబోయి ఆగింది. "ఏంది అట్ల చూస్తావు? నీ ఊరు పైకి వస్తాంది, నా కడుపు కిందికి జారతాంది. మా ఆయన నీ కర్ర ముంచడానికి దినామూ పోతాడు గానీ నా బిందె ముంచడానికి ఒక దినమన్నా రాడు."

"లోపల కదులుతాందా?"

సుంకులమ్మ పొట్ట మీద చెయ్యి పెట్టుకుని కిందికి చూస్తూ కూర్చుంది. అవ్వ లేచి, తన కుండలో నీళ్లు ముంచి, బెల్లం చిదిపి కలిపి తాగించింది. ముగ్గురూ ఎదురుచూశారు. పైన ఫ్యాను తిరిగే చప్పుడు తప్ప ఇంట్లో ఇంకేమీ లేదు. చివరికి సుంకులమ్మ ముఖం విచ్చుకుంది.

"తన్నినాడు, దొంగ." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇంకొంచెం నీళ్లు పోతే ఇంకో నాలుగు బారలు బురద నడవాల అవ్వా. రేపు ఎట్లనో ఏమో."

అవ్వ ఆమె కాళ్ల బురద వంక చూసింది. కర్ర మీది దారం వంక చూసింది. ఈ రెండు వారాలూ ఆమెకు తెలియక కాదు. తన గడపను వదిలిపోయే నీళ్లే ఈ పిల్లల బిందెలనూ వదిలిపోతున్నాయని ఎరిగి ఉండి కూడా, జానెడే కదా అని అటు చూడకుండా ఉంది. ఇప్పుడు లేచింది. స్నానాలగదిలోది ఆర్పింది. వంటింట్లోది ఆర్పింది. ట్యూబులైటు, ఫ్యాను, చివరికి వసారా బల్బు. ఆర్పిన ప్రతిసారీ ఆ స్విచ్చిని తాకి వేలిని కళ్లకద్దుకుంది, అనుమతి అడుగుతున్నట్టు, క్షమించమంటున్నట్టు. అప్పుడు గుర్తొచ్చింది మద్దిలేటికి, ఆ వేలు, ఆ కళ్లు ఎక్కడ చూశాడో.

అవ్వా, ఉంచుకో, అవి వెలిగినా ఆరినా ఆ నీళ్లు కదలవు, అని చెబుదామనుకున్నాడు. పొద్దున అయితే చెప్పేవాడే. ఇప్పుడు పీట జరిపి ఆమెకు దారి ఇచ్చాడు.

అవ్వ గూట్లోంచి పసుపుగిన్నె తీసి సుంకులమ్మ చేతిలో పెట్టింది. "రేపు శుక్రవారం. మీ గడపకి పూయి. పుట్టేవాడు దాటాల్సిన గడప." వెదురు కర్ర కూడా ఇచ్చేసింది. "మారెన్నకి చెప్పు, ఇంక ముంచొద్దని. ఆ పొద్దుకి నీ బిందెలు మోయమను."

సుంకులమ్మకు ఏదో అర్థమై, ఏదో కాక, గిన్నె పట్టుకుని అలాగే చూసింది. తర్వాత మెల్లిగా లేచి వెళ్లిపోయింది. అవ్వ వసారాలో నీళ్లవైపు తిరిగి కూర్చుంది. దూరంగా ఎండకు మెరిసే నీళ్లలో బావి స్తంభాలు రెండూ చూపుడువేళ్లంత కనిపిస్తున్నాయి. పొద్దు వాలేదాకా ఆమె కళ్లు అక్కడే ఉన్నాయి. బొటనవేలూ చిటికెనవేలూ ఒడిలో ఇంకా అలాగే చాచి ఉన్నాయి.

"జానెడేలే," అంది, పక్కన మనిషి ఉన్నాడని మరిచిపోయి. "ఇన్నేండ్లు ఆగింది. ఆగుతాది."

మద్దిలేటి ఆశ్రమానికి చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. స్వామివారు అరుగు మీదే ఉన్నారు.

"చింతపండు ఇచ్చావా?"

"ఇచ్చాను స్వామీ."

"గడప?"

"జానెడు దూరంలో ఆగిపోయింది."

స్వామివారు లోపలి గదిలో ఊరికే వెలుగుతున్న దీపం వైపు తల ఊపారు. మద్దిలేటి వెళ్లి స్విచ్చి మీద వేలు పెట్టాడు. మూడు నెలల్లో వందల ఇళ్లలో టక్కున నొక్కిన వేలు అది. ఇవాళ కదలనంది.

వెనక నుంచి స్వామివారి గొంతు వినిపించింది. "మెల్లిగా ఆర్పు నాయనా. ఆ తీగ చివర ఎవరిదో గడప ఉంది."