పుల్ల యాపిలూ, నూకరాజు రంపమూ

లంబసింగి ఘాటు పైన పాలగెడ్డ అనే చలి ఊళ్లో, ముక్కు మీదే కోపం ఉండే నూకరాజు అనే వడ్రంగి మేస్త్రి ఉండేవాడు. పనికి వంక పెట్టేవాళ్లు లేరు. కానీ మేకు వంగిందంటే చాలు, మేకును తిట్టి, దాన్ని అమ్మిన కొట్టువాణ్ణి తిట్టి, చివరికి సుత్తి తుప్పల్లోకి విసిరేసేవాడు. కాసేపయ్యాక మళ్లీ తనే వెళ్లి ఆ సుత్తి వెతుక్కునేవాడు. కోపం వచ్చినప్పుడు తన చేతిలో ఏముందో చూసుకోని మనిషి ఎంత ప్రమాదమో ఊరందరికీ తెలుసు, అతనికి తప్ప.

అలాంటివాడికి కూడా భార్య వరహాలంటే ప్రాణం. ఒక ఏడాది ఆమెకు పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ నోటి రుచి పోయింది. పులుసు పెట్టినా, పచ్చడి నూరినా "గడ్డి నమిలినట్టుంది" అని కంచం పక్కకు జరిపేసేది. మనిషి చిక్కి సగమైంది. ఒకరోజు విశాఖపట్నం నుంచి వచ్చిన చుట్టం ఒకాయన సంచిలోంచి ఆకుపచ్చ యాపిల్ ఒకటి తీసి ఇచ్చాడు. వరహాలు దాన్ని ముక్కలు కోసి, ఉప్పూ కారం అద్దుకుని నోట్లో పెట్టుకుంది. పులుపుకు కళ్లు గట్టిగా మూసుకుంది. తరవాత రెండో ముక్క తీసుకుంది.

"దీని రుచి నాలిక్కి తెలిసింది" అంది. ఆ పూట ఆమె కంచం ఖాళీ చేసింది.

సంతలో దొరికేవన్నీ ఎర్ర యాపిళ్లు, తియ్యటివి. వాటిని వరహాలు ముట్టుకోదు. అందుకని నూకరాజు చింతపల్లి దగ్గర నర్సరీకి వెళ్లి, ఆకుపచ్చ యాపిల్ అంటు మొక్క తెచ్చి పెరట్లో నాటాడు. మొక్కకు గాలి తగలకుండా వెదురు దడి కట్టాడు. చలికాలం మొదట్లో గడ్డి కప్పాడు. ఆ మొక్క దగ్గర మాత్రం గొంతు పెంచేవాడు కాదు. నాలుగో ఏట పదకొండు కాయలు కాసింది. అయిదో ఏట గంపెడు కాసింది. వరహాలు పప్పులో వేసింది, పచ్చడి చేసింది, మిగిలిన ముక్కలకు ఆవపిండీ ఉప్పూ కారం కలిపి జాడీ పెట్టింది. ఏడాదంతా ఆ ముక్క నంజుకుని నాలుగు ముద్దలు తినేది. ఆమె బుగ్గలు మళ్లీ నిండాయి.

కంచెకు అవతలి పెరడు చిలకమ్మది. భర్త పోయాక పసుపు, రాజ్‌మా పండించుకుంటూ ఒంటరిగా బతికేది. నూకరాజును అన్నా అనీ, వరహాలును వదినా అనీ పిలిచేది. ఆమె పెరట్లోనూ ఒక యాపిల్ చెట్టు ఉండేది. భర్త ఎక్కడో తిన్న పండు గింజలు తెచ్చి పాతితే మొలిచిన చెట్టు అది. కాయలు ఉసిరికాయంత ఉండేవి, ఎర్రగా, వగరుగా. పిట్టలు తప్ప ఎవరూ తినేవాళ్లు కాదు. "అయినా ఆయన చేత్తో పెట్టింది" అని చిలకమ్మ దానికి రోజూ నీళ్లు పోసేది. శివరాత్రి దాటాక రెండు చెట్లూ ఒకేసారి పూసేవి. తేనెటీగలు కంచె మీదుగా అటూ ఇటూ తిరిగేవి. వాటిని ఎవరు పట్టించుకుంటారు?

ఆరో ఏట ఆషాఢంలో కోతులు వచ్చాయి. చిలకమ్మ చెట్టు కొమ్మలు కంచె దాటి వాలి ఉండేవి. ఆ కొమ్మల మీదుగా నూకరాజు పెరట్లోకి దూకాయి. పచ్చి కాయ కొరకడం, పుల్లగా ఉందని పారేయడం, మరోటి కోయడం, దాన్నీ కొరికి పారేయడం. ఇదీ వాటి వరస. నూకరాజు తెల్లారి లేచి చూసేసరికి కింద ముప్పై కాయలు పంటి గాట్లతో పడి ఉన్నాయి. అరికాలి మంట నెత్తికెక్కింది.

"చిలకమ్మా, నీ దిక్కుమాలిన చెట్టు కోతులకు నిచ్చెనైంది. ఇవాళే కొట్టించెయ్" అని కంచె దగ్గర నిలబడి అరిచాడు.

చిలకమ్మ పిడకలు కింద పెట్టి వచ్చింది. పడిన కాయలు చూసి నిజంగానే బాధపడింది. "వాలిన కొమ్మలు కొట్టిస్తానన్నా. మా తమ్ముడు ఆదివారం వస్తాడు. చెట్టు జోలికి మాత్రం పోవద్దు" అంది.

"ఆదివారం దాకా కోతులు నీ తమ్ముడి కోసం ఆగుతాయా?"

"మూడు రోజులే కదా అన్నా. అందాకా నేనే కాపలా ఉంటాను" అంది చిలకమ్మ. అన్నట్టే ఆ రోజంతా డబ్బా వాయిస్తూ రెండు పెరళ్లకూ కాపలా కాసింది కూడా.

ఇంతకన్నా మర్యాదగా ఎవరు మాట్లాడతారు చెప్పండి. కానీ కోపం చెవుల్లో దూది పెట్టుకుని కూర్చుంటుంది. మర్నాడు చిలకమ్మ పసుపు అమ్ముకోవడానికి సంతకు వెళ్లింది. కోతి ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటే, మళ్లీ ఆ కొమ్మ మీద కనిపించింది. నూకరాజు చేతిలో పెద్ద రంపం ఉంది. అంతే, కంచె దాటాడు. వరహాలు వెనకే పరిగెత్తి చెయ్యి పట్టుకుంది. "ఆవిడ నా జ్వరానికి పది రోజులు గంజి కాచి పోసింది. ఆవిడ లేకుండా చూసి ఆ ఇంటి చెట్టు కోస్తావా? నీకు సిగ్గుందా?" అంది. అతను చెయ్యి విదిలించుకున్నాడు. పాతికేళ్ల చెట్టు పావుగంటలో నేలకొరిగింది. కాయలతో సహా పడింది. ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా ఇక్కడికొచ్చేసరికి నాకు ఒళ్లు మండుతుంది.

సాయంత్రం చిలకమ్మ ఖాళీ గంపతో వచ్చింది. పడిన చెట్టును చూసింది, నేలలో మిగిలిన మొద్దును చూసింది. అప్పటికి నూకరాజు కోపం చల్లారిపోయింది. అలాంటివాళ్ల కోపం ఎప్పుడూ అంతే, చెయ్యాల్సిన నష్టమంతా చేసేశాకే చల్లారుతుంది. అతను మెల్లగా దగ్గరికొచ్చి, "ఆ కొయ్యతోనే నీకు మంచి పీట చేసి ఇస్తాను చిలకమ్మా" అన్నాడు.

చిలకమ్మ గొంతు పెంచలేదు. "పీట నాకెందుకు మేస్త్రీ? కొయ్యను కొయ్యకు అతికించడమేగా నీ పని. నువ్వు కోసిన చెట్టు ఆ మొద్దు మీద పెట్టి అతికించు. రేపు పొద్దున నేను నీళ్లు పొయ్యాలి" అంది.

చిలకమ్మ అతన్ని అన్నా అని పిలవడం ఆ రోజుతో మానేసింది. వరహాలు మూడు రోజులు అతనికి అన్నం వడ్డించింది గానీ మాట్లాడలేదు.

మళ్లీ శివరాత్రి దాటింది. నూకరాజు చెట్టు విరగబూసింది. చెట్టంతా తెలుపే. పది రోజుల్లో పువ్వులన్నీ రాలిపోయాయి. ఒక్క పిందె నిలవలేదు. నూకరాజు మంచును తిట్టాడు. మరుసటి ఏడాదీ అంతే జరిగింది. ఈసారి గాలిని తిట్టాడు, ఎరువును తిట్టాడు, నీళ్లు ఎక్కువ పోశావని వరహాలును తిట్టాడు. జాడీలో ఆవ ముక్కలు ఎప్పుడో అయిపోయాయి. వరహాలు అడుగున మిగిలిన పిండిని వేలితో తుడుచుకుని అన్నంలో కలుపుకునేది. తరవాత అదీ లేదు. ఆమె మళ్లీ కంచం పక్కకు జరపడం మొదలుపెట్టింది. అది చూస్తే నూకరాజుకు బాధ వేసేది. ఆ బాధ కూడా కోపంగానే బయటికొచ్చేది.

ఒకరోజు అంటు అమ్మినవాణ్ణి దులిపేయాలని నర్సరీకి వెళ్లాడు. అక్కడ కుండీల మధ్య కూర్చున్న ముసలి తోటమాలి మీద గుక్క తిప్పుకోకుండా విరుచుకుపడ్డాడు. "గొడ్డు చెట్టు అంటగట్టారు" అన్నాడు.

ముసలాయన అంతా విని, "ఇంతకు ముందు కాసిందా?" అని అడిగాడు.

"గంపలు గంపలు కాసింది."

"అయితే గొడ్డుది కాదు. ఈ రకానికి తన పుప్పొడితో తనకు కాయ కట్టదు నాయనా. దగ్గర్లో మరో రకం యాపిల్ అదే వేళకు పూయాలి. ఆ పుప్పొడి తేనెటీగలు మోసుకొస్తేనే పిందె నిలుస్తుంది. మీ చుట్టుపక్కల ఇదివరకు ఏదో చెట్టు ఉండి ఉండాలే. ఏమైంది అది?"

నూకరాజు వెనక్కి తిరిగి నడిచాడు. బస్సులో కూర్చున్నాడు. దారంతా కోపం పొంగుతూనే ఉంది. కానీ తిట్టడానికి ఎవరూ దొరకలేదు. మంచు చేసిన తప్పేం లేదు, గాలిది లేదు, వరహాలుది అసలే లేదు. ఎటు తిరిగినా తన చెయ్యీ, ఆ చేతిలో రంపమూ కనిపించాయి. జీవితంలో మొదటిసారి అతనికి తన మీద తనకే కోపం వచ్చింది.

బస్సు దిగి ఇంటికి పోలేదు. నేరుగా చిలకమ్మ గుమ్మం ముందు నిలబడ్డాడు. తోటమాలి చెప్పిందంతా చెప్పాడు. "నీ చెట్టు కోసి నా చెట్టు కాపు నేనే పోగొట్టుకున్నాను. వరహాలు మళ్లీ అన్నం తినడం లేదు. తప్పు చేశాను చిలకమ్మా" అన్నాడు.

"కాపు పోయిందని వచ్చావు. పోకపోతే వచ్చేవాడివా?" అంది చిలకమ్మ.

"వచ్చేవాణ్ణి కాదు" అన్నాడు నూకరాజు. అబద్ధం చెప్పడానికి కూడా అతనికి మొహం చెల్లలేదు.

చిలకమ్మ అతన్ని వెంట రమ్మంది. తరవాత పెరట్లోకి నడిచింది. మొద్దు చుట్టూ మేకలు రాకుండా ముళ్లకంప వేసి ఉంది. లోపల మొద్దు పక్కనుంచి మూడు చిగుళ్లు నడుమెత్తు పెరిగి ఉన్నాయి. రెండేళ్లుగా ఆమె వాటికి నీళ్లు పోస్తూనే ఉంది.

"ఇవి పూయాలంటే ఇంకా చాలా ఏళ్లు పడుతుంది. నాకు తొందర లేదు, వదినకుంది. ఒక రెమ్మ ఇస్తాను, తీసుకెళ్లి నీ చెట్టుకు అంటు కట్టుకో, ఎదిగిన చెట్టు మీదైతే తొందరగా పూస్తుంది. వదిన కోసం ఇస్తున్నాను, నీ కోసం కాదు" అంది. నూకరాజు జేబులోంచి చాకు తీయబోయాడు. "నా చెట్టు దగ్గర నీ చేతికి కత్తి ఇవ్వను" అని, కొడవలితో తనే రెమ్మ కోసి ఇచ్చింది.

తోటమాలిని అడిగి తెలుసుకుని, చలి తగ్గే రోజుల్లో నూకరాజు అంటు కట్టాడు. తలుపుల చట్రాలు బిగించిన ఆ చేతులు వేలెడు రెమ్మను కొమ్మలో దించడానికి ఒక పూటంతా తీసుకున్నాయి. మొదటి అంటు ఎండిపోయింది. సుత్తి విసిరే పాత నూకరాజైతే కొమ్మే విరిచేసేవాడు. ఈసారి పళ్లు బిగబట్టుకుని, మళ్లీ చిలకమ్మ గుమ్మం ఎక్కి, మళ్లీ అడిగాడు. ఆమె మళ్లీ ఇచ్చింది. రెండోది పట్టింది. ఈలోగా రోజూ పొద్దున్నే వెళ్లి చిలకమ్మ మొద్దుకు నీళ్లు పోసి వచ్చేవాడు. ఆమె పోయమని అనలేదు, వద్దనీ అనలేదు.

మూడేళ్లు గడిచాయి. ఆ శివరాత్రి తరవాత అంటు కొమ్మ గుప్పెడు పువ్వులు పూసింది. ఆ ఏడు పచ్చటి కాయలు పదిహేను నిలిచాయి. వరహాలు మొదటి కాయ తాను తినలేదు. ముక్కలు కోసి, ఉప్పూ కారం పళ్లెంలో పెట్టి, నూకరాజు చేతికిచ్చి చిలకమ్మ ఇంటికి పంపింది.

చిలకమ్మ ముక్క అద్దుకుని నమిలింది. పులుపుకు కళ్లు మూసుకుంది. నూకరాజు గుమ్మంలో నిలబడే ఉన్నాడు.

"పుల్లగా బాగుంది అన్నా" అంది. ఇన్నేళ్లకు మళ్లీ వినిపించింది ఆ మాట. నూకరాజు తల వంచుకున్నాడు. "నా కోపం మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు. పోయిన రోజు నేనే చెబుతాను. అందాకా నీళ్లు పోస్తూ ఉండు" అంది చిలకమ్మ.

అతను మర్నాడు పొద్దున కూడా బిందె పట్టుకుని వెళ్లాడు.

కోపంతో ఎదుటివాళ్లకు చేసిన నష్టం వాళ్ల పెరట్లోనే ఆగదు, కంచె దాటి మన ఇంటి కంచం దాకా వస్తుంది; అందుకే కోపం వచ్చినప్పుడు ముందు చేతిలో ఉన్నది కింద పెట్టాలి.