సింహనాద మేళం ముందు ఆవులింత

చింతలగిరి సంస్థానంలో సింహనాద మేళానికి ఉన్న పేరు దేవుడికి కూడా లేదు. బిరుదులిచ్చి ఇచ్చి రాజుగారే అలసిపోయారు. అలాంటి మేళం దసరా కచేరీలో వాయిస్తుండగా, మజ్జిగ అమ్ముకునే నాంచారి నోరు బార్లా తెరిచి ఆవులించింది.

రాజుగారు మండిపడ్డారు. "మా తాతగారి నాటి మేళం! దాని ముందు ఆవులిస్తావా? తెల్లారేసరికి ఊరు విడిచి పో!"

"పోతాను దొరా. పోయేముందు ఇంకొక్క పాట వాయించమనండి. తమరు మాత్రం తల ఆడించకుండా వినాలి" అంది నాంచారి.

సరేనని రాజుగారు బిగుసుకుని కూర్చున్నారు. ఆయన తల ఊగకపోయేసరికి సభలో ఒక్క తలా ఊగలేదు. కాసేపటికి మేళం కూడా టక్కున ఆగిపోయింది.

ఎందుకాపావని రాజుగారు కళ్లెర్రజేసి చెయ్యి ఊపారు. మేళం పెద్ద లేచి చేతులు జోడించాడు.

"మహాప్రభో, నాకు చెవులు వినపడక చాలా ఏళ్లయింది. తమ తల ఊపు చూసే తాళం వేస్తున్నాను. అది ఆగితే పాట అయిపోయిందనుకున్నా."

"నా తల చూసా? నేను సభలో వాళ్ల తలలు చూసి ఊపుతుంటేనూ!" అని రాజుగారు నోరు జారారు.

"మేమేమో తమ తల చూసి..." అని మంత్రి నసిగాడు.

నాంచారి మజ్జిగ కుండ నెత్తికెత్తుకుంది.

"అయితే దొరా, ఇంతమందిలో మేళాన్ని విన్నదాన్ని నేనొక్కదాన్నే. విన్నాను గనకే ఆవులింత వచ్చింది."