కుడిపక్క కింది మూల

"తప్పు పడిన చోటు ఎవరి కంటా పడకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి పిన్నీ?"

కుసుమ ఈ మాట అడిగేసరికి పారమ్మ సూదిలోకి దారం ఎక్కిస్తోంది. పారమ్మకో అలవాటుంది. ఎవరేం అడిగినా వెంటనే బదులు చెప్పదు, అడిగినవాళ్ళ చేతికి ఏదో పని తగిలిస్తుంది. నలభై ఏళ్ళుగా పాతచీరలతో బొంతలు కుడుతోంది, వచ్చినవాళ్ళందరికీ నేర్పుతోంది. సూటిగా జవాబు చెప్పిందని మాత్రం ఎవరూ అనరు. ఆవేళా అంతే. "రెండు బొంతలూ మడతెట్టి సంచిలో ఎట్టు. తొమ్మిదింటి బస్సు పోతే మళ్ళీ పదకొండుకే" అంది.

కుసుమ చేసిన తప్పు చిన్నదే. డిగ్రీ అయి రెండేళ్ళయింది. పెట్టిన దరఖాస్తులు పెట్టినట్టే ఉన్నాయి. ఉత్తినే కూర్చోలేక పారమ్మ దగ్గర చేరి, అమ్మవీ అమ్మమ్మవీ చీరలు కోసి, ఏడు నెలలు కష్టపడి ఓ బొంత కుట్టింది. తీరా చివరికొచ్చేసరికి కుడిపక్క కింది మూలకి ఎరుపు చాల్లేదు. అలాంటి ఎరుపు పాతచీరల్లో ఎంత వెతికినా దొరక్క, బజారుకెళ్ళి అరమీటరు కొత్తగుడ్డ తెచ్చి అతికించింది. అతికించినప్పుడు బాగానే ఉంది. మొన్న, కుట్టడానికి గీసుకున్న సుద్దగీతలు పోతాయని ఉతికింది. పాతగుడ్డలు కుంచించుకోవాల్సిందంతా ఏనాడో కుంచించుకున్నాయి కాబట్టి అవి కదల్లేదు. కొత్తది మాత్రం ముడుచుకుపోయి, చుట్టూ ఉన్న కుట్లన్నిటినీ తన వైపు లాక్కుంది. నిప్పుకి కాలి, మానిన చర్మంలా తయారైంది ఆ మూల. విప్పి కుట్టడానికి టైము లేదు.

మామూలు రోజైతే పట్టించుకునేది కాదేమో. కానీ ఇవాళ టౌన్లో బొంతల ప్రదర్శన. అక్కడ జడ్జీలు మెచ్చిన ఒకర్ని కొత్తగా తెరుస్తున్న కుట్టు శిక్షణ కేంద్రంలో టీచరుగా తీసుకుంటారట. వాళ్ళ నాన్న అప్పుడే వీధిలో ఇద్దరు ముగ్గురితో "మా అమ్మాయి టీచరు" అనేశాడు కూడా.

హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకి తాళ్ళు కట్టారు. నలభై బొంతలు క్లిప్పులు పెట్టి వేలాడదీశారు. కుసుమ తన బొంత తగిలించి, ఆ మూలకి అడ్డంగా నిలబడింది. పది గంటలకి నిలబడింది.

జనం వచ్చారు. ఒకాయన "మంచినీళ్ళెక్కడమ్మా?" అని అడిగాడు. ఒకావిడ కుసుమని అక్కడ పనిచేసే పిల్లనుకుని చంటాడి సంచి పట్టుకోమని ఇచ్చి పోయి, పావుగంటకి వచ్చింది. ఒక ముసలమ్మ బొంత ముందు ఆగి, "ఈ నీలం చీర మా పెళ్ళినాటి రకంలా ఉందే, కాస్త జరుగమ్మా, అంచు చూస్తాను" అంది. కుసుమ జరగలేదు. "ఆ పక్క కూడా అదే అంచు మామ్మగారూ, అటు చూడండి" అంది. ముసలమ్మ అటు చూడలేదు, వెళ్ళిపోయింది.

పారమ్మ మాత్రం తన బొంతని తాడు మీంచి తీసేసి బల్ల మీద పరిచేసింది. నిర్వాహకుడు పరిగెత్తుకొచ్చాడు.

"అలా తీయకూడదండీ, తాడు మీదే ఉంచాలి!"

"తాడుకేటి బాబూ, చలేస్తందా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. ఒకరిద్దరు కాళ్ళు నొప్పులని ఆ బొంత మీదే కూలబడ్డారు. "ఇదిగో, ఇక్కడ ఎలక కొట్టీసింది. పచ్చముక్కేసి మూసీసినాను, సూడండి" అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చూపించింది పారమ్మ. కాసేపటికి ఆవిడా అక్కడే గోడకి చేరబడి కునుకు తీసింది.

మూడింటికి జడ్జీలొచ్చారు. అప్పటికి కుసుమకి కాళ్ళు తనవిలా లేవు. మధ్యాహ్నం పొట్లాల్లో పులిహోర పంచినా కదల్లేదు. జడ్జీల్లో పెద్దావిడ "కొంచెం పక్కకి జరుగుతావా తల్లీ?" అంది. కుసుమ అరడుగు జరిగి చున్నీ ఆ మూల మీదకి జార్చింది. "ఎడంపక్క చూడండి మేడమ్, అది మా అమ్మమ్మ చీర..." పెద్దావిడ బొంత వైపు కాకుండా కుసుమ మొహం వైపు కాసేపు చూసింది. చీటీ మీద ఏదో రాసి, బొంతకి గుచ్చి, పక్క బొంత దగ్గరికి నడిచింది.

చివరికి టీచరు ఉద్యోగానికి సాలూరు నుంచి వచ్చినావిడ పేరు మైకులో పిలిచారు. అందరూ చప్పట్లు కొట్టారు. కుసుమ కూడా కొట్టింది. బొంత దించుతూ చీటీ చదివింది. 'పూర్తిగా చూడటం కుదరలేదు' అని ఉంది.

తిరుగు బస్సులో సీటు దొరికింది, అదొక్కటే నయం. కుసుమ చెప్పులు విప్పింది. వాటి పట్టీల అచ్చులు పాదాల మీద పడి ఉన్నాయి. నాన్నకి ఏం చెప్పాలో ఆలోచించే ఓపిక కూడా లేదు. బస్సు రెండు స్టాపులు దాటాక, ఉండబట్టలేక అడిగింది.

"ఆ మూల చూసుంటారంటావా పిన్నీ?"

పారమ్మ సంచిలోంచి బొంత కొస పైకి లాగింది. ముడుచుకున్న ఎరుపు ముక్కని బొటనవేలితో ఓసారి నిమిరి, మళ్ళీ లోపలికి తోసేసింది. తర్వాత కుసుమ కాళ్ళకేసి చూసింది.

"వాసిపోనాయే!"

"పొద్దున్నుంచీ నిలబడే ఉన్నాను కదా."

"ఊఁ" అంది పారమ్మ, కళ్ళు మూసుకుంటూ. "బొంతంతా తాడు మోసింది. ఆ మూలొక్కటీ నువ్వు మోసినావు."