తలుపుకి ఏ రంగు?

రెండు కొండల కింద ఒక ఊరు. ఆ కొండల సందు దాటి పైకెక్కితే పచ్చిక బయలు. బయలు ఊరిదే. తాతల నాటి నుంచీ ఊరి పశువులు అక్కడే మేసేవి. ఒక ఏడు రాజుగారు ఆ సందులో రెండు రెక్కల పెద్ద తలుపు పెట్టించి, తాళం వేయించారు. గడ్డిని కాపాడటానికట. కాపాడిన గడ్డిని కోటవైపు నుంచి వచ్చిన రాజుగారి గుర్రాలు తిన్నాయి. తిని నిగనిగలాడాయి.

ఆ తలుపు చెక్కింది ఊరి వడ్రంగే. దానికి ఇనప బందులు కొట్టింది ఊరి కమ్మరే. చెయ్యమన్నారు, చేశారు. అప్పుడు ఒక్కరూ నోరెత్తలేదు.

ఊళ్ళో ఒక పాలావిడ ఉంది. మొగుడు పోయాక ఆమెకి మిగిలింది ఇద్దరు ఆడపిల్లలూ, ఒక్క గేదే. ఇప్పుడా గేదె చూడిది. అది ఈనితేనే ఇంట్లో మళ్ళీ పొయ్యి వెలిగేది. దారిపక్కన దొరికిన ఆకూ అలమూ ఏరుకొచ్చి పెడుతోంది గానీ, అంత పశువుకి అది ఏ మూలకి? డొక్కలు పీక్కుపోయి ఎముకలు కనపడుతున్నాయి.

అలాంటప్పుడు రాజుగారి మనిషి వచ్చాడు. చావడి ముందు అందర్నీ కూర్చోబెట్టాడు.

"ఇకమీదట రాజుగారు మీ మాట లేకుండా ఏ పనీ చెయ్యరు. మీ తలుపుకి ఏ రంగు వెయ్యాలో మీరే చెప్పండి. వేసేది కూడా మీరే."

జనం పొంగిపోయారు. మనల్ని అడుగుతున్నారే అని ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

"ఏ రంగైనా పర్వాలేదాండీ?" అన్నాడు వడ్రంగి.

"నీలమే. ముదురా, లేతా అన్నది పూర్తిగా మీ ఇష్టం."

పాలావిడకి ఒళ్ళు మండిపోయింది. మండదూ మరి? లేచి నిలబడింది. "రంగెవడిక్కావాలయ్యా? తాళం తియ్యండి. నా గేదె చచ్చిపోయేట్టుంది."

రాజుగారి మనిషి చక్కగా నవ్వాడు. "మంచి ప్రశ్నమ్మా. కానీ ఇవాళ రంగు గురించే మాట్లాడుకుంటున్నాం."

ఆయన నవ్వడం సరే, అది ఆయన ఉద్యోగం. పాలావిడ మీద విరుచుకుపడింది ఎవరనుకున్నారు? ఆమె ఊరివాళ్ళే. "రాజుగారు ఇన్నాళ్ళకి మనల్ని ఒక మాట అడిగితే, మధ్యలో నీ అడ్డుపుల్ల ఏంటి? కూర్చో," అన్నాడు కమ్మరి. ఆమె కూర్చుంది. అంతమందిలో ఒక్కతే, ఏం చేస్తుంది?

అందరూ కలిసి తేల్చుకోండి, మళ్ళీ వస్తానని రాజుగారి మనిషి వెళ్ళిపోయాడు. ఇహ చూడాలి ఊరి సంబడం. కమ్మరి ముదురు నీలం అన్నాడు, వడ్రంగి లేత నీలం అన్నాడు. ఊరు రెండుగా చీలింది. నిన్నటిదాకా ఒకే చుట్ట కాల్చుకున్న ఆ ఇద్దరూ ఎదురుపడితే మొహం తిప్పుకునేవారు. ముదురు వాళ్ళింట్లో పెళ్ళికి లేత వాళ్ళు పోలేదు. తలుపు మూసే ఉంది. గుర్రాలు మేస్తూనే ఉన్నాయి. ఆ సంగతి పట్టించుకునే తీరిక ఎవరికీ లేదు.

ఒక పొద్దున గేదె కూలబడింది. తోక మెలిపెట్టినా లేవలేదు.

పడిపోయిన పశువుని లేపాలంటే పొట్ట కింద గోనెపట్టాలు దూర్చి, వాటిని వెదురుబొంగులకి కట్టి, రెండువైపులా మనుషులు ఒక్కసారే భుజం పెట్టాలి. ఒక పక్కే లేస్తే ఉన్న ప్రాణమూ పోతుంది. పాలావిడ వడ్రంగి ఇంటికి పరిగెత్తింది. "ముదురు వాళ్ళ పక్కన నేను భుజం పెట్టను," అన్నాడు వడ్రంగి. కమ్మరి దగ్గరికి పోతే అతనూ అదే పాట.

అప్పుడామె నడివీధిలో నిలబడింది.

"మీ బతుకులు చెడ. మీ తలుపు, మీ బయలు, మీ పశువులు. ఇన్నిట్లో వాళ్ళు మీకు వదిలింది రంగొక్కటి. దాని కోసం కొట్టుకు చస్తున్నారు. నా పాలు తాగే పెరిగారు కదరా మీ పిల్లలు. సిగ్గనిపించడం లేదూ?"

ముందు వడ్రంగి కదిలాడు, తలొంచుకుని. అతని వెనకాల కమ్మరి బొంగులు పట్టుకొచ్చాడు. అటు వాళ్ళు అటూ, ఇటు వాళ్ళు ఇటూ భుజం పెట్టారు. గేదె లేచింది. వణుకుతూ నిలబడింది.

బొంగులు దించబోతుంటే పాలావిడ ఆపింది. "దించకండి. గేదె లేచింది సరే, ఏం తిని నిలబడుతుంది? అదే భుజం ఆ తలుపుకి కూడా పెట్టండి."

"రాజుగారు ఊరుకుంటారా?" అన్నాడు కమ్మరి.

"రంగు వెయ్యమన్నది ఆయనేగా? నిలబెట్టి వేస్తే రంగు కారిపోదూ?"

వడ్రంగి కమ్మరి వైపు చూశాడు. చాలా రోజులకి కమ్మరి నవ్వాడు. బందుల్లోంచి తలుపు ఎలా ఊడొస్తుందో చేసినవాళ్ళకి ఒకరు చెప్పాలా? రెండు రెక్కల కిందా బొంగులు పెట్టి ఊరంతా ఒక్కసారి ఎత్తింది. తాళం వేసింది వేసినట్టే ఉంది. తలుపే నేల మీదికొచ్చింది. గేదె దాని మీద కాలు పెట్టి, మెల్లిగా అవతలికి నడిచింది.

కొన్నాళ్ళకి రాజుగారి మనిషి వచ్చాడు. పచ్చిక నిండా ఊరి పశువులు. పాలావిడ గేదె పక్కన దూడ. ఆయన మొహం జేవురించింది.

"తలుపేది?"

"రంగుకని దించామండి," అన్నాడు వడ్రంగి.

"ఏ రంగు?"

"ముదురు నీలం," అన్నాడు కమ్మరి.

"లేత నీలం," అన్నాడు వడ్రంగి. ఇద్దరూ పక్కపక్కనే నిలబడి ఉన్నారు.

"అందరి మాటా తీసుకోమన్నారు కదండీ," అంది పాలావిడ. "ఇంకా తేలలేదు."

"ఎప్పటికి తేలుతుంది?"

పాలావిడ దూడ వీపు నిమిరింది.

"మా మనవల్ని కూడా అడగాలండి. వాళ్ళింకా పుట్టాలి."